బోర్లించిన క్యాన్లు

నీళ్లకు వాసన ఉండదని బడిలో చెబుతారు. ఆ మాట చెప్పినవారెవరూ ఊరంతా తిరిగి వచ్చిన ఖాళీ నీళ్ల క్యాను మూత తీసి, అందులో ముక్కు పెట్టి ఉండరని ముక్కుపిన్ని అభిప్రాయం.

ముక్కుపిన్ని ఆమె అసలు పేరు కాదని వేరే చెప్పనక్కరలేదు. శుద్ధి చేసిన తాగునీటిని పెద్ద పెద్ద క్యాన్లలో నింపి ఇంటింటికీ పంపే ఒక ప్లాంటులో ఆమె పనిచేస్తుంది. వెనుక గుమ్మం దగ్గర పొట్టి స్టూలు మీద కూర్చుని, తిరిగి వచ్చిన ప్రతి క్యానునూ కడగడానికి ముందు వాసన చూడటమే ఆమె ఉద్యోగం. మూత తీయాలి, ముక్కు ఆనించాలి, ఒక్క మాట చెప్పాలి. బాగున్నదైతే "లోపలికి" అంటుంది. బాగులేనిదైతే "బోర్లా" అంటుంది. అంతకు మించి ఆ ఉద్యోగంలో మాటల అవసరం లేదు. నోరు తెరిస్తే ఆ గాలి నోట్లోకి కూడా పోతుంది కనుక ఆమె మాటలను సాధ్యమైనంత పొదుపుగానే వాడుతుంది.

పూర్వం ఆమె ఒక ఆసుపత్రి వారి దుప్పట్లు ఉతికే చోట ఉండేది. మూట విప్పకుండానే అందులో ఏముందో చెప్పగలదని అక్కడ పేరు పడింది. ఆ పేరు పట్టుకునే తమ్ముడు ఆమెను ఈ ప్లాంటులో చేర్చాడు. అతడు ఇక్కడి ఆటో నడుపుతూ ఇళ్లకూ దుకాణాలకూ క్యాన్లు చేరవేస్తాడు. దుప్పట్ల పీడ వదిలింది, ఇక నీళ్ల దగ్గర హాయిగా బతకవచ్చని ఆమె సంతోషించింది. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డానని తెలియడానికి ఒక్క పూట పట్టింది.

మనుషులు ఖాళీ అయిన క్యానును ఊరికే ఉండనివ్వరు. కిరసనాయిలు పోస్తారు. నేల తుడిచిన నీళ్లు నింపి పెడతారు. రంగుల కుంచెలు నానబెడతారు. చేపల తొట్టి శుభ్రం చేసినప్పుడు ఆ జిగురు నీళ్లన్నీ ఇందులోకే వంపుతారు. మెట్లు దిగడానికి బద్ధకించిన కాపలావాళ్లు రాత్రిపూట ఇందులో చేసే పని రాయడానికి కూడా చేయి రాదు. ఆ తరువాత ఏమీ ఎరగనట్లు మూత బిగించి, గుమ్మం ముందు పెట్టి, నిండు క్యాను కోసం ఎదురుచూస్తారు. పెద్ద పెద్ద గేట్లున్న ఇళ్ల నుంచి వచ్చినవి మరీ కంపు. పేదవాడి క్యానులో మట్టి ఉంటుంది, కలవాడి క్యానులో పాపం ఉంటుంది అని ఆమె అనేది. ఒకసారి ఒక క్యాను అడుగున చచ్చి ఉబ్బిన ఎలుకపిల్ల కనిపించింది. ఆ క్యాను పంపిన ఇంటావిడ మునుపటి వారమే నీళ్లలో పీచు తేలుతోందని ఫోను చేసి తమ్ముణ్ణి నానా మాటలూ అన్నది.

నాలుగైదు క్యాన్లు చూసిన తరువాత ముక్కు మొద్దుబారుతుంది. అప్పుడామె తన మోచేతి మడతలో ముఖం దాచుకుని నాలుగు గుక్కలు గాలి పీల్చుకుంటుంది. పొద్దున రుద్దుకున్న సబ్బు వాసన, తన ఒంటి వాసన కలిసి ముక్కును మళ్లీ కడిగినట్లు చేస్తాయి. చూసినవాళ్లు ఏడుస్తోందనుకుంటారు. మధ్యాహ్నం భోజనం డబ్బా తెరిచినా అదే పని. ముందు మోచేయి, తరువాత ముద్ద.

ప్లాంటు యజమాని శుభ్రమైన మనిషి. తెల్ల చొక్కా తప్ప వేసుకోడు, శుద్ధి అనే మాట లేకుండా వాక్యం ముగించడు. అందుకే పనివాళ్లు ఆయనను చాటుగా శుద్ధిసారు అంటారు. క్యాను మీద అంటించే కాగితంలో మంచుకొండ, దాని మీద నుంచి దూకే జలపాతం ఉంటాయి. అసలు నీళ్లు వచ్చేది షెడ్డు పక్కన మురుగుకాలువకు ఆనుకుని వేసిన బోరు నుంచి. వడపోత గొట్టంలోని తెల్లటి కడ్డీ ఎన్నడో తుప్పు రంగుకు తిరిగి, చేత్తో తాకితే జారే స్థితికి వచ్చింది. పైన పటారం, లోన లొటారం. ఇంత శుద్ధి గల యజమాని బల్ల మీద మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్లాస్కు ఉంటుంది.

"మన నీళ్లు తాగరేం సార్?" అని మూతలు బిగించే ఆవిడ ఒకసారి అమాయకంగా అడిగింది.

"నాకు వేణ్ణీళ్లు అలవాటమ్మా" అన్నాడాయన.

బోర్లించే పద్ధతి ముక్కుపిన్నే పెట్టింది. మొదట్లో చెడ్డ క్యాను మీద సుద్దముక్కతో గీత గీసేది. కడిగే ఆయన అతి శ్రద్ధాపరుడు. క్యానుతో పాటు గీతను కూడా కడిగి పంపేశాడు. ఆ తరువాత చెడ్డ క్యానును మూతి కిందకు పెట్టి, వెనుక గోడ అవతల వరుసగా నిలబెట్టడం మొదలుపెట్టింది. గోడకు ఇవతల, షెడ్డు లోపల, కడిగిన క్యాన్లను కూడా నీళ్లు కారిపోవడానికి మూతి కిందకే పెడతారు. గోడకు అటువి చెడ్డవి, ఇటువి మంచివి. నడుమ గోడ ఉన్నది కనుక ఎవరికీ ఏనాడూ పొరపాటు రాలేదు.

చెడ్డవాటిని రంపంతో కోసి పారేయించాలని ఆమె మొదటి నుంచీ అడుగుతూనే ఉంది.

"క్యాన్లేమన్నా చెట్టుకు కాస్తున్నాయా పిన్నీ? నాలుగు రోజులు ఎండలో ఉంటే వాసన అదే పోతుంది" అనేవాడు యజమాని.

"వాసన పోతుంది సార్. వాసన పెట్టిన పాపం ఎక్కడికి పోతుంది?"

"నీతో మాట్లాడలేం తల్లీ" అని ఆయన చేతికి శుద్ధి ద్రావణం రాసుకుంటూ వెళ్లిపోయేవాడు. గోడ అవతల వరుస పెరిగింది. ఆ వరుస మీద ఈగలు, వరుస కింద నాచు. ఎక్కడి గొంగళి అక్కడే.

ఇలా ఉండగా ఒకనాటి ఉదయం మెడ దగ్గర కాలిన మచ్చ ఉన్న క్యాను ఒకటి వచ్చింది. ముక్కుపిన్ని మూత తీసి, ముక్కు ఇంకా ఆనించకముందే వెనక్కి తూలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అడుగున పాలు విరిగినట్లు తెల్లటి పూత అంటుకుని ఉంది. ఆ వాసన ఆమె ఎరిగినదే. దుప్పట్లు ఉతికే చోట చెక్క అరలకు చెదలు పట్టినప్పుడు ఇదే మందు కొట్టించారు. అక్కడ పనిచేసే ఒకామె ఆ మందు పడిన చేతులతోనే భోజనం చేసి, సాయంత్రానికి నోటి వెంట చొంగ కారుస్తూ పడిపోయింది. ఎవడో పుణ్యాత్ముడు ఇంట్లో చెదలమందును మనుషులు తాగే క్యానులో కలుపుకుని, పని కాగానే ఖాళీ క్యాను ఇచ్చి నిండు క్యాను పుచ్చుకున్నాడన్నమాట. వాడు చేతులు కడుక్కున్నాడో లేదో గాని, ఈమె మాత్రం చేతులు మంట పుట్టేదాకా కడుక్కుంది. ఆ క్యానును స్వయంగా మోసుకెళ్లి గోడ అవతల చివరన బోర్లించింది.

"సార్, దీన్నొక్కదాన్నయినా ఇవాళే కోయించండి. ఇది కడిగితే పోయే రకం కాదు, మనిషిని తీసుకుపోయే రకం."

"రేపు చూద్దాం పిన్నీ. ఇవాళ నాకు ఊపిరి సలపట్లేదు. ఆ, మరిచాను, రేపు నువ్వు పనికి రావద్దు."

"ఏం సార్?"

"తనిఖీకి వస్తున్నారు. ముక్కుతో పరీక్ష చేస్తున్నామంటే బాగుండదు. వాసన పట్టే యంత్రం ఉందని చెప్పుకున్నాం."

"యంత్రమా? ఎక్కడుంది సార్, నేను చూడనేలేదు?"

"నువ్వే కదమ్మా!"

షెడ్డంతా నవ్వింది. ముక్కుపిన్ని కూడా నవ్వింది. "అయితే రేపు యంత్రానికి సెలవన్నమాట" అని చెప్పులేసుకుని ఇంటికి వెళ్లింది. ఆ నవ్వు తలచుకుంటే ఆమెకు తరువాత చాలాకాలం ఒళ్లు జలదరించేది.

తనిఖీ నాడు జరిగింది ఇది. వెనుక దొడ్డి శుభ్రంగా కనిపించాలని, గోడ అవతలి వరుసను లోపలికి చేర్చమని యజమాని పురమాయించాడు. కడిగే ఆయన వాటిని ఉన్నవి ఉన్నట్లే, మూతి కిందకే, కడిగిన క్యాన్ల పక్కన సర్దాడు. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ముందు గది నుంచే షెడ్డులోకి తొంగి చూసి, తలపంకించి, సంతకం చేసి వెళ్లాడు. అంతవరకు నీళ్లు నింపే పని నిలిపివేసినందున సాయంత్రానికి ఆర్డర్లు నెత్తి మీదికి వచ్చాయి. యజమాని కేకలు వేస్తూ ఉండగా, ఏది గోడ అవతలిదో చూసే తీరిక లేక, బోర్లా ఉన్నవన్నీ తిప్పి, నింపి, మూతలు బిగించి, ఆటోలో ఎక్కించారు.

మరునాటి ఉదయం ముక్కుపిన్ని వచ్చేసరికి దొడ్డి అద్దంలా ఉంది.

"ఇక్కడ బోర్లించినవి ఏవీ?"

"లోపల పెట్టించారుగా సారు" అంది మూతలు బిగించే ఆవిడ.

"లోపలా లేవే?"

"ఉండవు. నింపేశాంగా."

"కడగకుండానా?"

ఆవిడ కడిగే ఆయన వైపు చూసింది. ఆయన ఆవిడ వైపు చూశాడు.

"బోర్లా ఉన్నవి కడిగినవే కదా పిన్నీ" అన్నాడాయన. చెబుతూ ఉండగానే ఆయన ముఖంలో రంగు మారిపోయింది.

వరుసలో మిగిలినవి కడుపు పాడు చేస్తాయి. మచ్చ క్యాను ప్రాణం తీస్తుంది. ఫోను తీసి తమ్ముణ్ణి పిలిచింది.

"నిన్న ఇంటికి క్యాను తీసుకెళ్లావా?"

"దింపాను. ఏమైందక్కా?"

"మెడ మీద మచ్చ ఉందా దానికి?"

"క్యానుకు మెడేంటి, మచ్చేంటి? పొద్దున్నే నాతో హాస్యాలాడకు!"

తమ్ముడికి నెలల పాప ఉంది. తల్లికి పాలు చాలక పాలపొడి కలిపి పడతారు. కుళాయి నీళ్లు ఎర్రగా వస్తున్నాయని, ప్లాంటు క్యానే వాడమని చెప్పింది మరెవరో కాదు, ముక్కుపిన్నే. నువ్వు వాసన చూసిన క్యానులో మాకు భయమేమిటని వాళ్లు ఆమె ముక్కును నమ్ముకున్నారు. మరదలు ఫోను ఎత్తలేదు. ఆమె తమ్ముడి ఇంటి దాకా వీధులన్నీ పరుగెత్తింది. మెట్లెక్కి తలుపు తోసేసరికి మరదలు పాప పక్కన కునుకు తీస్తోంది. పాలసీసా సగం ఖాళీగా పక్కనే పడి ఉంది. మూల బల్ల మీద క్యాను. ముక్కుపిన్ని దాని మెడ చుట్టూ వేళ్లతో తడిమింది. మచ్చ లేదు. మూత తీసి ముక్కు పెట్టింది. రోజూ ఉండే ప్లాస్టిక్కు వాసన, రోజూ ఉండే బోరు వాసన. సీసా పాలను కూడా వాసన చూసింది. పాలే.

"ఏంటి వదినా, అలా చెమటలు కక్కుతున్నావు?" అని మరదలు లేచి కూర్చుంది.

"ఏం లేదు. పడుకో."

హమ్మయ్య, మన ఇంటికి రాలేదు అనుకుంది ముక్కుపిన్ని. అనుకున్న మరుక్షణమే ఆ హమ్మయ్య ఆమెకు నోట్లో చేదుగా తగిలింది. మన ఇంటికి రాలేదంటే మరొకరి ఇంటికి చేరిందనే కదా అర్థం. ఎవడో చెదలమందు పోసి, నా ఇల్లు దాటింది చాలుననుకున్నాడు. తాను అనుకున్నదీ అదే.

తమ్ముడు ఆటోతో రాగానే, నిన్న దింపిన చోట్లన్నింటికీ పోనిమ్మంది. ఆ ప్రయాణంలో ఆమె చూసినవి ఒక మనిషి జీవితకాలంలో నీళ్ల మీద ఆశ చంపుకోవడానికి సరిపోతాయి. ఒక ఆఫీసులో క్యాను పెట్టే కుళాయి డబ్బా మూత ఎత్తితే, లోపలి గోడలకు పచ్చటి నాచు వేలి మందాన పట్టి ఉంది. గుమాస్తాలు దాని కిందే గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. ఒక ఇంట్లో క్యాను మూతి మీద పిల్లవాడి చెప్పు ఆరబెట్టారు. మరొక ఇంటావిడ తలుపు సగమే తెరిచింది.

"ఎవరు మీరు? ఏం కావాలి?"

"మీ క్యాను ఒకసారి వాసన చూస్తానమ్మా."

"మా ఇంట్లో ఇంకా వంటే కాలేదు, ఏం వాసన చూస్తావు?" అని తలుపు వేసుకోబోయింది. తమ్ముడు బతిమాలి, క్యాను మార్చి ఇచ్చి, పాతది ఆటోలో పడేశాడు. అది కిరసనాయిలుది.

దారిలో తమ్ముడికి యజమాని నుంచి ఫోను వచ్చింది. అప్పటికే ఎవరో ఆయన చెవిన వేశారు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు.

"ఏంట్రా, ఊరంతా దండోరా వేస్తున్నారట? నీకు ఉద్యోగం బరువైందా?"

ముక్కుపిన్ని తమ్ముడి చేతిలోంచి ఫోను లాక్కుంది.

"సార్, నేను మాట్లాడుతున్నాను, యంత్రాన్ని. చెదలమందు క్యాను ఎక్కడికి వెళ్లిందో తెలీదు. మీరూ ఓ రెండు వీధులు తిరిగితే తొందరగా దొరుకుతుంది."

ఆయన ఫోను పెట్టేశాడు.

మచ్చ క్యాను చివరకు ఒక దర్జీల షెడ్డులో దొరికింది. రేకుల కప్పు కింద పది కుట్టుమిషన్లు, ఊపిరాడని ఉక్క. మూలన క్యానును తలకిందులుగా కుళాయి డబ్బాకు ఎక్కించి ఉంచారు. మెడ డబ్బాలోకి దిగి ఉన్నా కాలిన మచ్చ అంచు పైకి కనిపిస్తూనే ఉంది. నీళ్లు పాలపొడి చిటికెడు కలిపినట్లు మసకగా ఉన్నాయి. ముక్కుపిన్ని పరుగున వెళ్లి, క్యానును రెండు చేతులా కౌగిలించుకుని ఎత్తేసింది. సగం నీళ్లు నేల పాలయ్యాయి.

"ఎవరమ్మా నువ్వు? మతి ఉందా? కొత్త బట్టంతా తడిసింది!" అని షెడ్డు పెత్తనం చేసే మేడం అరిచింది.

"ఎవరెవరు తాగారు?"

"మందు వాసన వస్తోందని పొద్దున్నే అన్నాం పిన్నిగారూ" అంది మిషను ముందున్న ఒకామె. "శుద్ధి చేసిన నీళ్లకు మందు వేస్తారు, వాసన వస్తేనే శుభ్రమని మేడం చెప్పారు. మేం గుక్కెడు తాగి ఊసేశాం. గుండీలు కుట్టే అక్క మాత్రం అలవాటవుతుందిలే అని తాగింది."

"ఏదీ ఆ అక్క?"

గుండీలు కుట్టే ఆవిడ బట్టల మూటకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదవి చివర నుంచి చొంగ సన్నని దారంలా జారుతోంది. ఒడిలో గుండీలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటిని ఏరుకోవాలని చేయి చాపుతోంది గాని వేళ్లు వణుకుతున్నాయి. కంటిపాపలు సూదిమొనల్లా ఉన్నాయి.

"ఎండకు కళ్లు తిరిగి ఉంటాయి" అంది మేడం.

అక్కాతమ్ముళ్లిద్దరూ గుండీల ఆవిడను ఎత్తి క్యాన్ల నడుమ ఆటోలో పడుకోబెట్టారు. మిగిలినవారిని కూడా వెనకే రమ్మన్నారు. వాళ్లు ఆసుపత్రి గేటు చేరేసరికి, మేడం కబురు అందుకున్న యజమాని మళ్లీ ఫోను చేశాడు. ఈసారి గొంతులో తేనె కారుతోంది.

"పిన్నీ, ఆవిడ ఖర్చంతా నేను చూసుకుంటాను. నీళ్ల మాట మాత్రం ఎత్తకు. ఎండదెబ్బ అని చెప్పు, చాలు. అందరం బతకాలి కదా."

"ముందు ఈవిడ బతకాలి సార్."

డాక్టరు ఏం జరిగిందని అడిగాడు. తమ్ముడు అక్క వైపు చూశాడు. చెబితే ప్లాంటు మూతపడుతుంది, ఇద్దరి కూడూ పోతుంది. పాపకు పాలపొడి కూడా అందులోంచే రావాలి. ముక్కుపిన్ని మోచేతి మడతలో ముఖం పెట్టుకుని ఒక్కసారి గాలి పీల్చింది. ఆ రోజు అక్కడ సబ్బు వాసన లేదు, చెదలమందు వాసనే ఉంది.

"చెదలమందు తాగింది డాక్టరుగారూ. మా ప్లాంటు క్యానులోది. ఆ క్యాను చెడ్డదని నేనే బోర్లించాను, అది తిరిగి నిండింది."

డాక్టరు మరి ప్రశ్నలు వేయలేదు. నర్సును కేకేశాడు. రెండు రోజుల తరువాత గుండీల ఆవిడ కళ్లు తెరిచి, మొట్టమొదట నీళ్లడిగింది. ఇచ్చిన గ్లాసును చాలాసేపు వాసన చూసి, తాగకుండా పక్కన పెట్టింది.

ప్లాంటుకు తాళం పడింది. తనిఖీవారు నమూనాలు తీసుకుని వెళ్లారు. నాలుగు వారాలు గడిచాయి. తాళం తీశారు. వడపోత కడ్డీ మారింది. క్యాను మీది కాగితం కూడా మారింది. మంచుకొండ పోయి, నవ్వే పసిపాప బొమ్మ వచ్చింది. బోరు మాత్రం కాలువ పక్కన ఎక్కడున్నది అక్కడే ఉంది. యజమాని మొదటి రోజునే ముక్కుపిన్నికి కబురు పెట్టాడు. జాలి చేత కాదు. వాసన పట్టే యంత్రం ఊళ్లో ఎక్కడా అమ్మకానికి లేదు.

ఆమె వెళ్లింది. స్టూలు మీద మాత్రం కూర్చోలేదు. సంచిలోంచి రంపం తీసి, ఇళ్ల నుంచి వెనక్కి తెచ్చినవాటిలో తనిఖీవారు వదిలివెళ్లిన చెడ్డ క్యాన్లను దొడ్డిలో వేసుకుని, ఒక్కొక్కదానిని నడుముకు అడ్డంగా కోయడం మొదలుపెట్టింది.

"పిన్నీ, అన్నీ కోస్తావేంటి? కొన్ని కడిగితే వస్తాయి..." అని యజమాని గుమ్మంలో నిలబడ్డాడు.

"పనిలోంచి తీసేస్తే తీసేయండి సార్. రంపం మాత్రం కింద పెట్టను. చెడ్డదని నేను అన్నది ఆ పూటే రెండు ముక్కలు కావాలి. ఇష్టమైతే స్టూలు మీద కూర్చుంటాను."

ఆయన తెల్ల చొక్కా మీద ప్లాస్టిక్కు పొట్టు పడింది. దులుపుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

దీనితో ఆమె మనసుకు కొంత శాంతి కలిగిందని రాయగలిగితే బాగుండును. వారం తిరగకముందే, సాయంత్రం ఇంటికి పోతూ టీ బండి దగ్గర ఆగింది. టీ చేతికి అందింది. అలవాటు కొద్దీ తాగబోయే ముందు వాసన చూసి, గ్లాసు దించింది. బండి వెనుకకు వెళ్లి చూసింది. కోసిన క్యాను అడుగు సగం తొట్టిలా కూర్చుని ఉంది. అందులో మురికినీళ్లు, నీళ్ల మీద మీగడ తెట్టు, తెట్టు కింద గ్లాసులు. అంచు మీద ఆమె రంపం పళ్ల గాట్లు ఉన్నాయి. చేపల తొట్టి నీళ్లు పోసిన క్యాను అది. ఆమె ముక్కుకు అనుమానం లేదు.

"ఇది ఎక్కడిది నీకు?"

"మీ ప్లాంటు చెత్తలోదే పిన్నీ. బంగారం లాంటి తొట్టి, పారేస్తారేంటి?"

"ఛీ! పాడైందని కోస్తే తెచ్చుకుంటావా?"

"గ్లాసులు కడుక్కోవడానికేగా, తాగడానికా?" అని అతడు తేలిగ్గా నవ్వాడు.

"ఆ గ్లాసుతో తాగేది మరి మీ తాతా?"

పక్కన టీ తాగుతున్న ఇద్దరు తమ గ్లాసుల వైపు ఒకసారి చూసుకున్నారు. చూసుకుని, మిగిలినది తాగేశారు.

ముక్కుపిన్ని తొట్టిని కాలితో తన్ని బోర్లించింది. తెట్టంతా ఆమె పాదాల మీదుగా పారింది. టీ బండివాడి తిట్లు వీధి మలుపు దాకా వినిపించాయి. ఇంటికి వెళ్లి పాదాలు మూడుసార్లు సబ్బుతో రుద్దుకుంది. ఆ రోజు నుంచి చెడ్డ క్యానును ఆమె రెండుగా కోయడం లేదు, నిలువునా మరొక గాటు వేసి నాలుగుగా కోస్తోంది. చుక్క నీరు నిలవని ముక్కలైతే గాని ఆమె చేతిలోని రంపం ఆగదు.